బాక్స్ మీద ‘సిరామిక్’ అంటే సరిపోదు, ఆ పౌడర్ కథ కూడా చెప్పాలి

కొత్త ఫోన్ కొనేటప్పుడు మనం అడగని ప్రశ్న ఉండదు. ప్రాసెసర్ ఎన్ని నానోమీటర్లు, డిస్‌ప్లే ఎన్ని నిట్స్, ఛార్జర్ ఎన్ని వాట్స్, స్టోరేజ్ ఏ వెర్షన్... కంపెనీ ఒక్క నంబర్ చెప్పకపోయినా ‘ఎందుకు దాస్తున్నారు?’ అని ఏకిపారేస్తాం. అదే బాక్స్ మీద ‘సిరామిక్’ అనే మాట కనిపిస్తే మాత్రం అక్కడితో ఆగిపోతాం. ఏదో ప్రీమియం అయి ఉంటుందిలే అని ఇంకో రెండు వేలు ఎక్కువ పెట్టడానికి కూడా రెడీ అయిపోతాం.

ఇప్పుడు ఆ మాట లేని చోటు లేదు. ఫోన్ వెనక సిరామిక్, ముందు గ్లాసులో సిరామిక్, రూమ్ హీటర్‌లో సిరామిక్, హెయిర్ స్ట్రెయిట్‌నర్‌లో సిరామిక్, ఎయిర్ ఫ్రయర్ బుట్టకి సిరామిక్ కోటింగ్. ఇవన్నీ ఒకటే పదార్థం కాదు, దగ్గరి చుట్టాలు కూడా కావు. ‘మెటల్ బాడీ’ అని రాసి అది టైటానియమా, రేకు డబ్బానా చెప్పకపోతే ఊరుకుంటామా? నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. సిరామిక్ అని అమ్మే ప్రతి వస్తువు మీద అది ఏ సిరామికో, దాని బలం ఎంతో, వేడికి ఎంత సాగుతుందో రాయాలి. రాయకపోతే రివ్యూ చేసేవాళ్లం మార్కులు కోసేయాలి. ఇది అతి అనిపించొచ్చు. ఎందుకు అతి కాదో చెప్పాలంటే కార్డియరైట్ అనే ఒక మెటీరియల్ దగ్గరికి వెళ్లాలి. స్పెక్ షీట్‌లో ఎప్పుడూ కనిపించని పేరు ఇది.

నేను మెటీరియల్స్ చదివినవాణ్ని కాదు. బీటెక్ సీఎస్ఈ, ఉప్పల్‌లో ఉద్యోగం, నాచారంలో అద్దె గది. పగలంతా కోడ్ రాసి, సాయంత్రం గ్యాడ్జెట్లు విప్పి చూసే రకం. ఆ విప్పడంలోనే ఇది తగులుకుంది.

ఫోన్‌కి ఒక సిరామిక్, హీటర్‌కి ఇంకొకటి

ముందు ఫోన్ సంగతి. 2015లో వన్‌ప్లస్ ఎక్స్ సిరామిక్ ఎడిషన్ వచ్చింది, 2016లో షావోమీ మి మిక్స్ వచ్చింది. రెండింటిలో వాడింది జిర్కోనియా, అంటే జిర్కోనియం ఆక్సైడ్. దీని బలం 1,000 మెగాపాస్కల్ దరిదాపుల్లో ఉంటుంది. తాళంచెవితో గీసినా గీత పడదు. కానీ వేడికి బాగానే సాగుతుంది, స్టీల్ కంటే కాస్త తక్కువ, అంతే. ఫోన్‌కి అది సమస్యే కాదు. ఫోన్ 45 డిగ్రీలు దాటితే మనమే గగ్గోలు పెడతాం. అక్కడ కావాల్సింది కింద పడితే పగలకపోవడం.

2020లో ఐఫోన్ 12తో యాపిల్ ‘సిరామిక్ షీల్డ్’ తెచ్చింది. అది గాజులో సన్నటి సిరామిక్ స్ఫటికాలు పెంచిన మెటీరియల్. కింద పడినప్పుడు పాత ఐఫోన్ కంటే 4 రెట్లు మెరుగు అన్నారు. ఎన్ని మెగాపాస్కల్ అన్నది మాత్రం బాక్స్ మీద లేదు. మనమూ అడగలేదు.

జిర్కోనియం అన్నాం కాబట్టి ఇంకో మాట. మౌలాలి దాటి ఈసీఐఎల్ వైపు వెళ్తుంటే వచ్చే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో 1970ల నుంచే జిర్కాన్ ఇసుకని జిర్కోనియం ఆక్సైడ్‌గా, తర్వాత రియాక్టర్లకి కావాల్సిన లోహపు ట్యూబులుగా మారుస్తున్నారు. అక్కడే యురేనియం ఆక్సైడ్ పౌడర్‌ని చిన్న బిళ్లలుగా నొక్కి, 1,700 డిగ్రీల దగ్గర కాలుస్తారు. అదీ సిరామిక్ పనే. ఆ గోడ పక్క నుంచి రోజూ బైక్ మీద వెళ్లే నాలాంటి వాళ్లకి లోపల పౌడర్‌తో ఏం చేస్తారో ఐడియా కూడా ఉండదు.

హీటర్ దగ్గరికి వస్తే కథ తిరగబడుతుంది. కాయిల్ హీటర్‌లో తీగ చుట్టి ఉండే తెల్లటి రాడ్ ఉంటుంది కదా, దాని మీద తీగ ఒకటి రెండు నిమిషాల్లో ఎర్రగా కాగుతుంది. స్విచ్ ఆపగానే చల్లారుతుంది. రాడ్ పైపొర వేడెక్కి సాగాలని చూస్తుంది, లోపలి భాగం ఇంకా చల్లగానే ఉండి సాగనివ్వదు. ఈ లాగులాటలో పగులు పుడుతుంది. చలికాలం రెండుసార్లు గడిచేసరికి రాడ్ ముక్కలై తీగ వేలాడుతున్న హీటర్లు నేనే నాలుగైదు చూశా. 

ఒక మీటరు పొడవు రాడ్‌ని 1,000 డిగ్రీలు వేడి చేశామనుకోండి. స్టీల్ 12 మిల్లీమీటర్లు సాగుతుంది. జిర్కోనియా సుమారు 10. మామూలుగా ఎక్కువగా వాడే అల్యూమినా 8. కార్డియరైట్ 2 మిల్లీమీటర్లు, బాగా చేస్తే అంతకంటే తక్కువ. సాగడమే లేకపోతే లాగులాట ఎక్కడిది?

దీనికి ఇంజనీరింగ్‌లో ఒక చిన్న లెక్క ఉంది. మెటీరియల్ బలాన్ని, దాని బిరుసుతనం ఇంటూ వ్యాకోచంతో భాగిస్తే, అది ఒక్కసారిగా ఎన్ని డిగ్రీల తేడా తట్టుకుంటుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. సరదాకి నేను వేసి చూశా. గట్టిగా కాల్చిన కార్డియరైట్ బలం జిర్కోనియాలో ఎనిమిదో వంతే. అయినా కాగితం మీద ఇద్దరికీ వచ్చే అంకె దాదాపు ఒకటే. జిర్కోనియా కండబలంతో నెగ్గింది, కార్డియరైట్ కదలకుండా కూర్చుని నెగ్గింది. ధర చూస్తే జిర్కోనియాతో హీటర్ రాడ్ ఎవడూ చేయడు. అందుకే అసలు ప్రశ్న ఇది: సాగని గుణం పోగొట్టుకోకుండా కార్డియరైట్‌కి బలం ఎలా తేవాలి?

సాగకూడదు, విరగకూడదు: ఇక్కడే చిక్కు

కార్డియరైట్ అంటే మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్ ఆక్సైడ్లు కలిసిన స్ఫటికం. బరువులో మెగ్నీషియా 13.8 శాతం, అల్యూమినా 34.9, మిగతా సగం పైచిలుకు సిలికా. ప్రకృతిలో కూడా ఉంది, తూర్పు కనుమల రాళ్లలో దొరుకుతుంది, పారదర్శకంగా నీలంగా ఉంటే ఐయోలైట్ అని నగల్లో పెడతారు. కానీ పరిశ్రమలో వాడేదంతా పౌడర్లు కలిపి కాల్చి తయారుచేసిందే.

దీని స్ఫటికానికి ఒక విచిత్రమైన బుద్ధి ఉంది. వేడి చేస్తే రెండు దిక్కుల్లో కొంచెం సాగుతుంది, మూడో దిక్కులో కాస్త కుంచించుకుపోతుంది. అన్నీ కలిపి సగటు తీస్తే వ్యాకోచం చాలా తక్కువ. అయితే బట్టీలోంచి తీసి చల్లార్చేటప్పుడు పక్కపక్కన ఉన్న స్ఫటికాలు తలో దిక్కుకి లాగుతాయి కాబట్టి మధ్యలో కంటికి కనిపించని సన్నటి పగుళ్లు వస్తాయి. ఈ పగుళ్లు ఒక రకంగా మంచివే. రైలు పట్టాల మధ్య వదిలిన ఖాళీల్లాగా పనిచేస్తాయి. మళ్లీ వేడి చేస్తే స్ఫటికాలు ముందు ఆ ఖాళీల్లోకి సాగుతాయి, బయటికి వస్తువు సాగినట్టే కనిపించదు. కానీ పగులు పగులే కదా. బలం అక్కడే పోతుంది.

ఈ గుణాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు పెద్దగా సొమ్ము చేసుకున్నది మన గొరిల్లా గ్లాస్ కార్నింగే. 1970ల మొదట్లో అమెరికాలో కార్ల పొగ మీద చట్టం బిగిస్తే, ఆ కంపెనీలో రాడ్నీ బాగ్లీ, ఇర్విన్ లాక్‌మన్, రోనాల్డ్ లూయిస్ కలిసి కార్డియరైట్‌తో తేనెపట్టు లాంటి దిమ్మె చేశారు. కారు సైలెన్సర్ దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల ఉండేది అదే. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మెట్రో నగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకి కన్వర్టర్ తప్పనిసరి చేశారు. దాన్ని చేసే పద్ధతి మన జంతికల గొట్టమే. తడి మట్టిముద్దని సన్నటి గళ్లున్న అచ్చులోంచి నొక్కుతారు. టాల్క్, చైనా క్లే రెండూ రేకుల్లాంటి రేణువులు. గొట్టంలోంచి వచ్చేటప్పుడు అవి గోడ వెంబడి పడుకుంటాయి. కాల్చాక పుట్టే స్ఫటికాలు కూడా ఆ వరసలోనే నిలబడి, గోడ పొడవునా వ్యాకోచాన్ని ఇంకా తగ్గిస్తాయి. పిండి నొక్కే విధానంతో అణువుల వరస మార్చడం! సాఫ్ట్‌వేర్‌లో ఇంత తెలివైన హ్యాక్ నేను చూడలేదు.

ఆ తేనెపట్టు పని పొగని దాటించడమే, బరువు మోయక్కర్లేదు. అందుకే పగుళ్లున్నా ఫర్వాలేదు. హీటర్ రాడ్‌కి, బట్టీలో సరుకు పేర్చే పలకకి అలా కుదరదు. బలం కావాలంటే స్ఫటికాలు చాలా చిన్నవిగా ఉండాలి, ఒక సైజు కంటే చిన్నవైతే ఆ పగుళ్లు రావు. లోపల గాలి బుడగలు ఉండకూడదు. పౌడర్‌లో సోడియం, పొటాషియం, కాల్షియం లాంటి కలుషితాలు ఉండకూడదు, ఎందుకంటే అవి గాజులా కరిగి మధ్యలో ఉండిపోయి వ్యాకోచాన్ని పెంచేస్తాయి. పైగా కార్డియరైట్‌కి బట్టీలో దొరికే సందు ఇరుకు. 1,350 డిగ్రీల కింద గట్టిపడదు. 1,460 దాటితే కరగడం మొదలు. ఆ మధ్యలో గంటలకొద్దీ నిలబెట్టాలి.

కాస్త ఫెల్డ్‌స్పార్ కలిపితే తొందరగా గట్టిపడుతుంది, పని సుళువు. కానీ ఫెల్డ్‌స్పార్ అంటేనే సోడియం, పొటాషియం. వ్యాకోచం పైకి పోతుంది. చూడటానికి తెల్లగా, నున్నగా, సూపర్‌గా ఉంటుంది. బాక్స్ మీద ‘కార్డియరైట్’ అని నిజాయితీగానే రాసుకోవచ్చు కూడా. రెండు చలికాలాల తర్వాత విరుగుతుంది. నంబర్లు రాయమని నేను పట్టుపట్టేది ఇందుకే. పేరు ఒక్కటే రాస్తే దానివెనక ఎంత తేడానైనా దాచొచ్చు.

నాచారంలో ఒక బట్టీ

మా గదికి కొంచెం దూరంలో, ఇండస్ట్రియల్ ఏరియాలో, హీటర్ రాడ్లు, పూసలు, ఓవెన్ పార్టులు చేసే ఒక చిన్న యూనిట్ ఉంది. రేకుల షెడ్డు, రెండు బట్టీలు, ఒక బాల్ మిల్, పదకొండు మంది పనివాళ్లు. విరిగిన హీటర్ రాడ్ పట్టుకుని ‘ఇది మళ్లీ చేస్తారా అన్నా’ అని వెళ్లాను. యజమాని దాన్ని చేతిలో తిప్పి, విరిగిన చోట నాలుకతో తాకాడు. నాకు అర్థం కాలేదు.

“గుంజుతలేదు సూడు నాలుక. గాజు ఎక్కువుంది. కాగితం మీద అంతా సక్కగనే ఉంటది తమ్మీ, వేడికి ఆగది.”

తర్వాత బకెట్ టెస్ట్ చూపించారు. రెండు రాడ్లు, ఒకటి మామూలు పింగాణీ, ఒకటి వాళ్ల కార్డియరైట్. రెండింటినీ 400 డిగ్రీల దాకా వేడి చేసి బకెట్ నీళ్లలో వేశారు. పింగాణీ టప్పుమని పగిలింది. రెండోది సుయ్‌మని మునిగి ఊరుకుంది. తీసి ఇనుప బల్ల మీద కొడితే గణగణమని మోగింది. లోపల పగులుంటే శబ్దం మొద్దుగా వస్తుందట. నేను రివ్యూల్లో వాడే బెంచ్‌మార్క్ యాప్‌లన్నిటికంటే ఈ బకెట్ నిజాయితీగా అనిపించింది.

వాళ్ల పౌడర్ మిక్స్ అడిగితే నవ్వి చెప్పలేదు, అది వాళ్ల సోర్స్ కోడ్ కదా. కానీ లెక్క రహస్యం కాదు. రసాయన ఫార్ములా తెలిస్తే ఎవరైనా వేసుకోవచ్చు, నేను పైథాన్‌లో పది లైన్లు రాశాను. మెగ్నీషియా అంతా టాల్క్ నుంచి తీసుకుని, మిగిలిన సిలికా చైనా క్లే నుంచి తెచ్చుకుంటే, తక్కువ పడ్డ అల్యూమినా విడిగా కలపాలి. నూటికి టాల్క్ సుమారు 40, చైనా క్లే 47, అల్యూమినా 13 పాళ్లు వస్తుంది. ఆయన ఆ కాగితం చూసి “గట్లనే ఉంటది. గని నీ కంప్యూటర్ల టాల్క్ సాఫ్‌గుంటది, నా బస్తాల ఉండదు” అన్నారు.

పాయింట్ అదే. టాల్క్ అంటే మనం చిన్నప్పుడు పలక మీద రాసిన బలపం. నంద్యాల జిల్లా బేతంచెర్ల వైపు దొరుకుతుంది. కానీ డోలమైట్ రాళ్ల పక్కన పుట్టే టాల్క్‌లో సున్నం కలిసే అవకాశం ఎక్కువ, ఆ సున్నమే ఇందాక చెప్పిన కాల్షియం. క్లే విషయానికొస్తే ద్వారకా తిరుమల వైపు బాల్ క్లే పేరున్నదే, కానీ క్లేతో పాటు ఇసుక, ఇనుము, ఫెల్డ్‌స్పార్ కూడా వస్తాయి. అల్యూమినాకి మాత్రం ఇబ్బంది లేదు, ఆంధ్రా సరిహద్దు దాటగానే ఒడిశాలోని దామన్‌జోడిలో నాల్కో పెద్ద ప్లాంట్ ఉంది.

అంటే ఖనిజ పౌడర్లు చవక, కానీ ఏ బస్తాలో ఏముందో ప్రతిసారీ చూసుకోవాలి. ఇంకో దారి కెమికల్ పౌడర్లు. శుద్ధమైన మెగ్నీషియా, సన్నటి అల్యూమినా, సిలికా కొనుక్కుని కలపడం. స్ఫటికం చిన్నగా వస్తుంది, బలం వస్తుంది, వ్యాకోచం తక్కువే ఉంటుంది. ధర మాత్రం మోగిపోతుంది. పైగా క్లే తగ్గితే ముద్ద సాగదు, జంతికల గొట్టంలోంచి రాదు, జిగురు కలపాలి. నాకు తోచినంతలో చిన్న యూనిట్లకి మధ్యేమార్గమే దారి: చాలా భాగం మంచి ఖనిజం, దాన్ని ఎక్కువసేపు బాల్ మిల్‌లో తిప్పి సన్నగా చేయడం, లోపం ఉన్నచోట మాత్రమే శుద్ధమైన కెమికల్ పౌడర్‌తో సరిచేయడం. టాల్క్ రేణువు ముతకగా ఉంటే, కాల్చేటప్పుడు అది కరిగి పక్కకి పోయిన చోట రంధ్రం మిగులుతుంది. మిల్లులో ఇంకో ఆరు గంటలు తిప్పడం అంటే కరెంట్ బిల్లు. ఆ బిల్లు ఎవరు కడతారు?

ఇక్కడే ఆయన చెప్పింది నా బుర్రలో ఉండిపోయింది. “కస్టమర్ వస్తడు. రేటెంత అంటడు. తెల్లగున్నదా అంటడు. ఎంత వేడికి ఎంత సాగుతదని ఇప్పటిదాంక ఒక్కడు అడగలె. నేను ఎందుకు మంచి పౌడర్ ఎయ్యాలె చెప్పు?”

నా దగ్గర జవాబు లేదు. ఇంకోటి కూడా చెప్పారు. సిరామిక్ టెక్నాలజీకి గూడూరులో ప్రభుత్వ డిప్లొమా కాలేజీ ఉంది కదా, అక్కడ చదివిన కుర్రాడు ఒకడు వీళ్ల దగ్గర చేరాడట. బట్టీ కర్వ్ గీసి, రోజుకి రెండుసార్లు పౌడర్ జల్లెడ పట్టి, విరిగే రాడ్లు సగానికి తగ్గించాడట. తర్వాత జీతం చాలక ఫుడ్ డెలివరీకి వెళ్లిపోయాడు. తెల్లగా ఉంటే చాలనుకునే మార్కెట్‌లో ఆ కుర్రాడి పనికి విలువ కట్టే గీటురాయే లేదు.

బట్టీ పలకల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. సరుకు పేర్చే పలకల్ని కూడా ప్రతిసారీ సరుకుతో పాటే 1,300 పైకి వేడి చేయాలి. పలక బలహీనమైతే మందంగా చేయాలి, మందమైతే గ్యాస్ ఎక్కువ కాలుతుంది. బలమైన సన్న పలక దొరికితే ప్రతి కాల్పులో డబ్బు మిగులుతుంది. ప్రస్తుతం వాళ్లు వాడే పలకలు చైనావి.

ఇది చిప్‌ల కథ కూడా

‘హీటర్ రాడ్ గురించి ఇంత గోలా, మాది ఫోన్ల సైట్’ అంటారేమో. చిప్ దగ్గరికే వద్దాం. 1981లో అమెరికాలో ఐబీఎంకి వచ్చిన ఒక పేటెంట్ మీద ముగ్గురి పేర్లు ఉంటాయి: ఆనంద కుమార్, పీటర్ మెక్‌మిలన్, రావు తుమ్మల. మూడో ఇంటిపేరు చదవగానే తెలుగువాళ్ల కన్ను అక్కడ ఆగుతుంది. ఆ పేటెంట్ కార్డియరైట్, స్పోడుమీన్ రకం గ్లాస్-సిరామిక్ గురించి.

సమస్య ఏమిటంటే, అప్పటిదాకా పెద్ద కంప్యూటర్లలో చిప్‌లని కూర్చోబెట్టే పలక అల్యూమినాతో చేసేవాళ్లు. అది గట్టిపడటానికి 1,500 డిగ్రీల పైమాటే. రాగి 1,085కే కరిగిపోతుంది కాబట్టి లోపలి వైరింగ్‌కి మాలిబ్డినం లాంటి లోహం వాడక తప్పేది కాదు. పైగా అల్యూమినా సిలికాన్ చిప్ కంటే ఎక్కువ సాగుతుంది, అతుకులు లాగుతాయి. వీళ్లు చేసిన పని, ముందు కార్డియరైట్ పాళ్లకి దగ్గరగా ఉండే గాజు కరిగించి, దాన్ని పౌడర్ చేసి, కొంచెం బోరాన్, ఫాస్ఫరస్ ఆక్సైడ్లు చేర్చి, 1,000 డిగ్రీల లోపే గట్టిపడి ఆ తర్వాత స్ఫటికమయ్యేలా చేయడం. అప్పుడు రాగితో కలిపి కాల్చొచ్చు. వ్యాకోచం దాదాపు సిలికాన్‌తో సమానం. 1990లో వచ్చిన ఐబీఎం ఈఎస్/9000 మెయిన్‌ఫ్రేమ్‌లో ఈ కోవ గ్లాస్-సిరామిక్ పలక 63 పొరల్లో రాగి వైరింగ్‌తో వందకు పైగా చిప్‌లని మోసింది. తుమ్మల ఆ తర్వాత జార్జియా టెక్‌కి వెళ్లి ప్యాకేజింగ్ మీద పెద్ద రీసెర్చ్ సెంటర్ నడిపారు. తక్కువ వేడిలో లోహంతో కలిపి కాల్చే సిరామిక్ అనే ఆ ఆలోచన ఈరోజు మీ ఫోన్‌లో సిగ్నల్ ఫిల్టర్ల దగ్గర, చిన్న యాంటెన్నా మాడ్యూల్స్ దగ్గర ఉంది.

మనం చిప్ ఫ్యాక్టరీ ఎప్పుడొస్తుందని ఎదురుచూస్తుంటాం. 2023లో గొరిల్లా గ్లాస్ యూనిట్ తెలంగాణకి అని ప్రకటించి, తర్వాత అది తమిళనాడుకి వెళ్లిపోతే తెగ బాధపడ్డాం. మరి పౌడర్ దగ్గర మనకి ఏముందో ఎవరైనా చూశారా? నాచారం నుంచి చర్లపల్లి ఎంత దూరం, అక్కడ కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ కింద సీ-మెట్ ల్యాబ్ ఉంది, పనే ఎలక్ట్రానిక్స్‌కి కావాల్సిన శుద్ధమైన మెటీరియల్స్. ఉప్పల్ నుంచి ఎల్బీనగర్ మీదుగా బాలాపూర్ వెళ్తే ఏఆర్‌సీఐ, అక్కడ కార్డియరైట్ తేనెపట్టులు తీసిన అనుభవం ఉంది. రాళ్ల గురించి తెలిసిన ఎన్‌జీఆర్‌ఐ పేరు మీద మెట్రో స్టేషనే ఉంది. ల్యాబ్‌లు ఉన్నాయి, బట్టీలు ఉన్నాయి, బలపం ఉంది. వీటిమధ్య లేనిది ఒక్కటే, ‘నాకు 2 కంటే తక్కువ వ్యాకోచం, 100 మెగాపాస్కల్ బలం ఉన్న రాడ్ కావాలి, దానికి పది రూపాయలు ఎక్కువిస్తా’ అని అడిగే కస్టమర్. ఆ కస్టమర్ హీటర్ కంపెనీ. ఆ కంపెనీ అడగాలంటే ముందు మనం అడగాలి.

మూడు హీటర్ బ్రాండ్ల కస్టమర్ కేర్‌కి నేను మెయిల్ పెట్టాను. ఏ సిరామిక్, బలం ఎంత, వ్యాకోచం ఎంత అని. ఇద్దరు జవాబే ఇవ్వలేదు. మూడోవాళ్లు ఫోన్ చేసి, “హై క్వాలిటీ సిరామిక్ సర్, వన్ ఇయర్ వారంటీ ఉంది సర్” అన్నారు. సరే కానీ ఏ సిరామిక్ అండీ అంటే, “సిరామిక్ అంటే సిరామికే కదా సర్” అన్నారు. ఆ అమ్మాయి తప్పేం లేదు. ఆమె ముందున్న స్క్రీన్ మీద అంతకంటే ఏముంటుంది?

ఈ నంబర్లు ఎవరు చదువుతారు అని మా ఆఫీసులో ఒకడు వెక్కిరించాడు. 2006లో కరెంట్ ఆదాకి స్టార్ లేబుల్ పెట్టినప్పుడూ ఇదే మాట అని ఉంటారు. ఇప్పుడు ఉప్పల్ రింగ్ రోడ్డు షోరూమ్‌లో ఏసీ కొనేవాళ్లు టన్ను కంటే ముందు స్టార్లు అడుగుతున్నారు. ఐపీ68 అంటే ఏంటో పదేళ్ల కింద ఎంతమందికి తెలుసు? నంబర్ అర్థమయ్యాక అడగడం కాదు, అడగడం మొదలుపెట్టాకే నంబర్ అర్థమవుతుంది.

ఇందులో ఇంట్లో తగాదా కూడా ఒకటుంది. ఈసారి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో మా పిన్ని కొడుకు మెటలర్జీ పెట్టుకుంటానన్నాడు. పిన్ని నాకు ఫోన్: “నువ్వైనా చెప్పు నాన్నా, సీఎస్ఈ వస్తుంటే ఆ మట్టి పని ఎందుకు వాడికి?” మా టీమ్‌లో ఈ ఏడాది ఎంతమంది బెంచ్ మీద ఉన్నారో ఆమెకి చెప్పలేదు. వాణ్ని మాత్రం ఆ షెడ్డుకి తీసుకెళ్లి బకెట్ టెస్ట్ చూపించాను. వాడు ఆ రాత్రే ఐబీఎం పేటెంట్ డౌన్‌లోడ్ చేసుకున్నాడు. ఆప్షన్స్‌లో మెటలర్జీ రెండో స్థానంలో పెట్టాడు. మొదటిది సీఎస్ఈనే, పిన్ని పక్కనే కూర్చుంది మరి. అదే వస్తే చదువుతాడు, తప్పేం లేదు. కానీ ఆ రెండో ఆప్షన్‌కి బయట ఒక జీతం ఉండాలంటే, తెల్లగా ఉన్న రాడ్‌కీ మంచి రాడ్‌కీ ధరలో తేడా ఉండాలి.

ఇకనుంచి నేను రాసే హీటర్, ఓటీజీ, స్ట్రెయిట్‌నర్ రివ్యూల్లో ‘మెటీరియల్’ అని ఒక లైన్ ఉంటుంది. కంపెనీ చెప్తే నంబర్, చెప్పకపోతే ‘చెప్పలేదు’, పదికి ఒక మార్కు కోత. కొన్న పీస్ విప్పడానికి వీలైతే రాడ్ తీసి బకెట్ టెస్ట్ కూడా చేయిస్తా, వీడియో పెడతాను. హీటర్ పాడైపోతుంది, తెలుసు. ఫోన్లని మెట్ల మీద నుంచి పడేస్తున్నాం కదా, ఇదీ అలాంటిదే.

మీరు ఇంట్లో ట్రై చేయొద్దు. వేడి రాడ్‌ని నీళ్లలో వేస్తే ఆవిరి ముఖం మీదికి వస్తుంది, ముక్కలు ఎగురుతాయి. ఆ షెడ్డులో చేసేవాళ్లకి గ్లాసెస్, గ్లవ్స్, పొడవాటి పట్టకార్లు ఉన్నాయి.

నా పైథాన్ కాగితం మాత్రం పూర్తిగా వృథా పోలేదు. మొన్న యజమాని అన్న ఫోన్ చేసి, ఒక చిన్న బ్యాచ్‌కి టాల్క్‌ని 18 గంటలు మిల్లు పట్టించానని, తక్కువ పడ్డ మెగ్నీషియాకి కొంచెం శుద్ధమైన పౌడర్ తన ఖర్చుతోనే వేశానని చెప్పారు. 40 రాడ్లు బట్టీలో ఉన్నాయి. శనివారం తెరుస్తారు.